కాలవ గట్టు నుంచి ఇరవై మూడో సాలు

శనివారం మధ్యాహ్నం మూడింటికి దక్షిణ వేంగి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం వరండా చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం విద్యార్థులు పద్నాలుగు మంది వరసగా నిలబడి ఉంటారు. అందరి చేతుల్లోనూ నల్ల అట్ట వేసిన నోటు పుస్తకాలు. వారమంతా తాము చేసిన పరిశోధన అందులో రాసి, శనివారం నాడు ఆచార్యుల వారి బల్ల మీద పెట్టాలి. ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తారు. ఆ సంతకం లేని పేజీ అక్కడ పేజీ కింద లెక్క కాదు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళతారు. అడ్మిషన్ల కోసం పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చిన తల్లిదండ్రులు ఆ వరసను చూసి, చదువంటే ఇలా ఉండాలని చెప్పుకుంటారు.

అయ్యా, అమ్మా, నేను చెప్పబోయే దొంగతనం ఆ వరసలోనే జరిగింది. ఎవరూ తాళం పగలగొట్టలేదు, గోడ దూకలేదు. పట్టపగలు ఫ్యాను కింద కూర్చుని, ఆకుపచ్చ సిరాతో చేశారు. ఇలాంటిదాన్ని మనం దొంగతనం అనం, మార్గదర్శకత్వం అంటాం. అందుకే ఒళ్లు మండి ఈ కథ రాస్తున్నాను.

2001లో ఆ వరస చివర నిలబడే అమ్మాయి పేరు సంతోషకుమారి. పర్చూరు దగ్గరి పల్లె. తండ్రి జక్రయ్య మార్టూరులో గ్రానైటు పలకలు నున్న చేసే యూనిట్లో పనిచేసేవాడు. తల్లి శాంతమ్మ మిరప కోతలకు వెళ్లే ఆడకూలీల ముఠాకు పెద్ద. రాష్ట్రం మొత్తానికి పద్నాలుగే సీట్లున్న ఆ కోర్సులో, డాక్టర్ల పిల్లలూ అధికారుల పిల్లలూ పోటీపడే ప్రవేశ పరీక్షలో, సంతోషకుమారి ఆరో ర్యాంకు తెచ్చుకుంది. హాస్టల్లో మొదటి రెండు నెలలు ఆమె పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. సెమినారులో ఆమె ఇంగ్లీషులో ఒక మాట తడబడితే వెనక బెంచీలో ఎవరో ఆ మాటనే మళ్లీ పలికేవారు. ఆ ఖాళీ కుర్చీలో మొదట వచ్చి కూర్చున్నది భవ్య. తర్వాత ఇద్దరూ ఒకే గదిలో చేరారు.

విభాగాధిపతి ప్రొఫెసర్ అంకమ్మరావు. సంతకం పెట్టే చేయి ఆయనదే. ఆయన మేనల్లుడు త్రినాథ్ కూడా అదే క్లాసు. త్రినాథ్ చెడ్డవాడని నేను చెప్పను. బద్ధకస్తుడు, మేనమామ మాటకు ఎదురుచెప్పలేనివాడు. చెడ్డపనులు సగం అలాంటి వాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి.

ఆ ఏడాది మిరప చేలను ముడత తెగులు పట్టి పీడిస్తోంది. తామర పురుగు రసం పీల్చేసి, ఆకులు అంచుల వెంట పైకి ముడుచుకుపోయి, కాపు కాయాల్సిన చెట్టు గిడసబారిపోతోంది. ముడతను తట్టుకుని నిలబడే మొక్కలు రైతుల చేలల్లో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకడం సంతోషకుమారికీ త్రినాథ్‌కూ కలిపి ఇచ్చిన అంశం.

“నువ్వు పొలం చూసుకోమ్మా, నీకు అలవాటే కదా. త్రినాథ్ ల్యాబు చూసుకుంటాడు,” అన్నారు అంకమ్మరావు.

సంతోషకుమారి తమ ఊళ్లో చెంచురామయ్య అనే రైతు చేనును ఎంచుకుంది. వారంలో మూడు రోజులు గుంటూరు నుంచి బస్సెక్కి వెళ్లేది. ఆ చేనుకు ఒక పక్క తారురోడ్డు, రెండో పక్క కాలవ. రెంటికీ మధ్య నూట నలభై సాళ్లు. అంకమ్మరావు గారు ఆ చేను చూడడానికి ఒక్కసారి వచ్చారు. కారు దిగి రోడ్డు మీదే నిలబడి, మందు వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఫొటో తీయించుకుని వెళ్లిపోయారు.

అక్టోబరు నెలాఖరులో శాంతమ్మ ముఠా ఆ చేలో కలుపు తీస్తోంది. ముఠాలో అందరికంటే పెద్దది మాబూబీ. అరవై దాటాయి. కలుపు తీస్తున్న ఆమె చేయి ఒక మొక్క దగ్గర ఆగింది. చిగురును అరచేత్తో రెండుసార్లు నిమిరింది.

“ఏమే పిల్లా, ఇటు రా. దీన్ని ముట్టుకో.”

“ఏముంది అత్తా?”

“గరుగ్గా లేదూ? పక్కదాని చిగురు ముట్టుకో, నున్నగా ఉంటది. పురుగు నున్నటి ఆకునే పట్టుద్ది. దీన్ని పట్టదు. చూస్తా ఉండు, చేనంతా ముడుచుకుపోయినా ఇది నిలబడుద్ది.”

సంతోషకుమారి ఆ చిగురు తుంచి తీసుకెళ్లి ల్యాబులో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. ఆకు మీద సన్నటి నూగు దట్టంగా ఉంది. పక్క మొక్క ఆకు మీద లేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి మాబూబీని వెంటబెట్టుకుని నూట నలభై సాళ్లూ తిరిగింది. మాబూబీ అరచేత్తో నిమరడం, ఈమె పుస్తకంలో రాసుకోవడం. ఇరవై మూడో సాల్లో నాలుగు, నలభై ఒకటో సాల్లో మూడు, యాభై ఎనిమిదో సాల్లో రెండు. మొత్తం తొమ్మిది మొక్కలు. వాటికి కట్టిన అట్ట చీటీలు మంచుకు నాని, మందు కొట్టినప్పుడు రాలిపోయాయి. అయినా ఆమె దిగులు పడలేదు, సాలు అంకె పుస్తకంలో ఉంది. పేజీ పేజీకీ కింద ‘పరిశీలన: కె. సంతోషకుమారి’ అని రాసుకుంది. విభాగంలో అందరూ అలాగే రాస్తారు.

డిసెంబరులో చేనంతా ముడుచుకుంది. ఆ తొమ్మిదీ నిటారుగా నిలబడ్డాయి.

జనవరి మొదటి శనివారం ఆమె పుస్తకం బల్ల మీద పెట్టింది. అంకమ్మరావు ఈసారి వెంటనే సంతకం పెట్టలేదు. పేజీలు మెల్లగా తిప్పారు. “ఉంచి వెళ్లు,” అన్నారు. తర్వాతి శనివారం అడిగితే చూస్తున్నానన్నారు. ఆ పై శనివారం ఆమె గట్టిగానే అడిగింది.

“సార్, నా పుస్తకం ఇప్పించండి. రిపోర్టు రాసుకోవాలి.”

ఆయనకు కోపం రాలేదు. నవ్వారు. “పుస్తకం విభాగానిదమ్మా, ఎక్కడికీ పోదు. నువ్వు పొలం పని బాగా చేశావు, నేను కాదనను. మీ ఇంట్లో అందరూ చేసే పనేగా. రాయడం మాత్రం అందరికీ వచ్చేది కాదు. త్రినాథ్ రాస్తున్నాడు. నీకు ఫస్టు క్లాసు నేను చూసుకుంటాను. వెళ్లి రా.”

ఆ రిపోర్టు మీద ఆధారపడింది ఫస్టు క్లాసు ఒక్కటే కాదు. దేశం మొత్తానికి పేరున్న ఒక పరిశోధనాలయంలో పీహెచ్‌డీకి ఫెలోషిప్పు. విభాగం నుంచి ఒక్కరికే. ముగ్గురు నిపుణులు ఫిబ్రవరిలో స్వయంగా చేలోకి వచ్చి, పని చూసి ఎంపిక చేస్తారు. అది వస్తే సంతోషకుమారి సైంటిస్టు. రాకపోతే చదువు అక్కడితో ఆపి, ఆ వేసవికి తల్లి పక్కన కాయలు కోయాలి.

జనవరి నెలాఖరులో ఒక సాయంత్రం భవ్య కంప్యూటరు గది నుంచి వచ్చి తలుపు గడియ పెట్టింది. డిపార్టుమెంటు కాగితాలు టైపు చేసిపెట్టే పని ఆమెది. మంచం మీద కొన్ని కాగితాలు పరిచింది.

“కోప్పడకుండా చదువు,” అంది.

రిపోర్టు పూర్తిగా తయారైంది. పేరు త్రినాథ్‌ది, పర్యవేక్షణ అంకమ్మరావుది. అంకెలన్నీ సంతోషకుమారివి. చిట్టచివరి పేజీలో ఒక వాక్యం ఉంది: ‘పొలంలో కూలీల పనిని కనిపెట్టుకుని ఉన్న కుమారి కె. సంతోషకుమారికి ధన్యవాదాలు.’

ఏడుస్తుందేమోనని భవ్య ఆమె చేయి పట్టుకుంది. సంతోషకుమారి ఏడవలేదు. ఆ వాక్యం ఉన్న పేజీని విడిగా తీసి, ట్రంకు పెట్టె మూత లోపల అతికించింది. ఆ రోజు నుంచి పళ్లు తోముకునే ముందు పెట్టె తెరిచి ఆ వాక్యం చదివేది. కూలీల పనిని కనిపెట్టుకుని ఉన్న కుమారి. చదివినప్పుడల్లా ఆమెకు కడుపులో మంట లేచేది. ఆ మంట చల్లారకూడదనే చదివేది.

కాగితాల్లో చేను పటం కూడా ఉంది. త్రినాథ్ స్కేలు పెట్టి చక్కగా గీశాడు. పైన తారురోడ్డు, కింద కాలవ. రోడ్డు పక్క సాలుకు ఒకటి అని అంకె వేసి, అక్కడి నుంచి కిందికి నూట నలభై దాకా లెక్కపెట్టాడు. ఇరవై మూడో సాలు దగ్గర ఎర్ర చుక్కలు పెట్టాడు.

సంతోషకుమారి ఆ పటం చూసి నవ్వింది. భవ్యకు భయమేసింది.

ఆ నవ్వు ఎందుకో చెప్పాలి. మా వైపు మిరప చేలల్లో కోతకైనా కలుపుకైనా కూలీలు దిగేది కాలవ గట్టు నుంచి. తాగే నీళ్ల బిందెలు, అన్నం క్యారేజీలు, చంటిపిల్లల ఉయ్యాలలు అన్నీ గట్టు మీదే ఉంటాయి. అక్కడ మునుం పడతారు. అంటే మనిషికి రెండు సాళ్ల చొప్పున పంచుకుని, వరసగా పనిలోకి దిగుతారు. గట్టు పక్కది ఒకటో సాలు. అది చేలో దిగిన పసిపిల్లకు కూడా తెలుసు. తెలుసు కాబట్టే ఎటు నుంచి లెక్కో సంతోషకుమారి పుస్తకంలో రాసుకోలేదు, రాయాలని తోచనే లేదు. రోడ్డు మీద నిలబడి రుమాలు అడ్డం పెట్టుకున్న మనిషికి మాత్రం చేను రోడ్డు దగ్గరే మొదలవుతుంది.

“వెళ్లి చెప్పవే. ఎవరికైనా కంప్లయింటు ఇవ్వు,” అంది భవ్య.

“ఎవరికివ్వాలి? కంప్లయింటు తీసుకునే కమిటీకి అధ్యక్షుడు ఆయనే.”

“పోనీ పటం తప్పుందని త్రినాథ్‌కి చెప్పు. నీ సాయం లేకుండా కుదరదని వాళ్లకే తెలిసొస్తుంది.”

“చెప్పను. ఆ ముగ్గురి ముందు వాళ్లు ఇరవై మూడో సాల్లోకి దిగాలి. నేను పక్కనే నిలబడి చూడాలి. నాకు ఫెలోషిప్పు రాకపోయినా సరే, అది చూడాలి.”

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె తల్లి ముఠాను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. పదకొండు మంది ఆడవాళ్లు. జరిగింది చెప్పింది. చివరికి ఒకటే అడిగింది.

“పెద్దవాళ్లు వచ్చిన రోజున మీరంతా కోతలో ఉంటారు. వాళ్లు ఏం చేసినా, ఏం అడిగినా ఎవరూ నోరు విప్పొద్దు. నేను చెప్పేదాకా ఒక్క మాట రావడానికి వీల్లేదు.”

శాంతమ్మ ముఖం చిట్లించింది. “ఒకడు బోర్లా పడుంటే చూస్తా ఊరుకోవడం ఏందే? నాకు నచ్చలా.”

“వాడు మనల్ని పడేసినప్పుడు ఎవరమ్మా లేపింది?”

తల్లి ముఖం పక్కకు తిప్పుకుంది. మాబూబీ మాత్రం ఆకు వక్క నోట్లో వేసుకుని తేలిగ్గా నవ్వింది. “మా నోటి మాట ఎప్పుడు ఎవరు రాసుకున్నారులే. మూసుకోమంటే మూసుకుంటాం, అదేమన్నా బరువా,” అంది. సంతోషకుమారి ఆ మాట విని కూడా వినలేదు. ఆమె చెవుల నిండా ఇరవై మూడో సాలే ఉంది.

2002 ఫిబ్రవరిలో ఒక బుధవారం ఉదయం తొమ్మిది గంటలకు రెండు కార్లు, ఒక జీపు వచ్చి రోడ్డు మీద ఆగాయి. నిపుణుల్లో పెద్దాయన దానయ్య గారు. ఉద్యోగ విరమణ చేసిన శాస్త్రవేత్త, డెబ్భై ఏళ్లుంటాయి. ఆయన దిగీ దిగగానే చెప్పులు విడిచి ఒక చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి చేలోకి దిగారు. మిగతా ఇద్దరూ ఆయన వెనక దిగారు. ఇక తప్పదు కాబట్టి అంకమ్మరావు కూడా దిగారు. బూట్లతోనే దిగారు.

ముడతకు గిడసబారినా, కాసిన కాయతోనే చేను ఎర్రగా పండి ఉంది. శాంతమ్మ ముఠా కాలవ వైపు నుంచి మునుం పట్టి కోసుకుంటూ వస్తోంది. వాళ్ల మధ్యలో సంతోషకుమారి, తలకు గుడ్డ చుట్టుకుని, నడుముకు సంచి కట్టుకుని కాయలు కోస్తోంది. కూలీలను చూసుకోమని అంకమ్మరావు గారే పురమాయించారు.

త్రినాథ్ పటం విప్పి రోడ్డు పక్క నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఇరవై మూడో సాలు దగ్గర ఆగాడు. “ఇదే సార్. ఈ సాల్లో నాలుగు మొక్కలు,” అన్నాడు.

దానయ్య గారు వంగి చూశారు. సాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చారు. ఒక్క మొక్క కూడా బాగా లేదు. ఆకులన్నీ పడవల్లా ముడుచుకుని, కాయలు గిడసబారి ఉన్నాయి.

“ఏవి బాబూ?”

త్రినాథ్ మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై మూడే. నలభై ఒకటో సాలుకు వెళ్లాడు. అక్కడా అంతే. యాభై ఎనిమిదికి వెళ్లేసరికి అతని చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. సంతోషకుమారి కాయ తెంపుతోంది, సంచిలో వేస్తోంది. ఆమె ఒళ్లంతా ఒక రకమైన హాయి పాకింది. ఇన్ని వారాల మంటకూ అప్పుడు నీళ్లు దొరికినట్లయింది. ఆ హాయిని నేను తప్పు పట్టను. ఆమె స్థానంలో నేనుంటే చప్పట్లు కొట్టేవాణ్ని.

“ఈ మధ్యే కొత్తగా సోకి ఉంటుందండీ,” అన్నారు అంకమ్మరావు.

“ఇది డిసెంబరు ముడత. ఆకు చూస్తే తెలియడం లేదూ? పోయిన వారం కూడా పరిశీలించామని మీ రిపోర్టులో ఉంది. ఎవరు పరిశీలించారు?”

అంకమ్మరావు ముఖం కందగడ్డలా అయింది. చప్పున కూలీల వైపు తిరిగారు. “ఏయ్, ఎవరే ఆ మొక్కలు పీకేసింది? వీళ్లతో ఇదేనండీ. మంచీ చెడ్డా తెలియదు. చేతికందింది పీకి పారేస్తారు.”

శాంతమ్మ చేయి కాయ మీదే ఆగిపోయింది. నలభై ఏళ్లుగా ఒక్క పూత రాలకుండా కోసిన చేయి అది. ఆమె నోరు తెరవబోయి కూతురి వైపు చూసింది. కూతురు తల అడ్డంగా ఊపింది. శాంతమ్మ పళ్లు బిగించి మళ్లీ కోతలో పడింది. మిగతా పదిమందీ తల ఎత్తలేదు.

దానయ్య గారు వాళ్లనే చూస్తున్నారు. ఇంత గొడవ జరుగుతుంటే ఒక్కరూ ఆశ్చర్యపోకపోవడం ఆయనకు వింతగా తోచింది. “అమ్మా, ఈ చేలో ముడత పడని మొక్కలు మీరెవరన్నా చూశారా?” అని అడిగారు. ఎవరూ పలకలేదు.

అప్పుడు సంతోషకుమారి సంచి విప్పి కింద పెట్టింది.

“ఉన్నాయండీ. నేను చూపిస్తాను.”

ఆమె వాళ్లను చేను దాటించి కాలవ గట్టు దాకా తీసుకెళ్లింది. నీళ్ల బిందెల పక్కన నిలబడి, గట్టిగా, ఒక్కొక్క అంకే పలుకుతూ లెక్కపెడుతూ నడిచింది. ఇరవై మూడు దగ్గర ఆగింది. ముడుచుకుపోయిన సాలు మధ్యలో నాలుగు మొక్కలు రొమ్మెత్తు పెరిగి, పచ్చటి ఆకుతో, గుత్తులు గుత్తులుగా కాయలతో నిలబడి ఉన్నాయి. నలభై ఒకటో సాల్లో మూడు. యాభై ఎనిమిదిలో రెండు. తర్వాత ఆమె వెనక్కి తిరిగి సూటిగా అంకమ్మరావు కళ్లల్లోకి చూసింది.

“చేలో పనిచేసేవాళ్లు కాలవ గట్టు నుంచి లెక్కపెడతారండీ. ఒక్కసారి దిగినా తెలిసిపోయే విషయం. అందుకే పుస్తకంలో రాయలేదు.”

పుస్తకం ఎక్కడుందని దానయ్య గారు అడిగారు. త్రినాథ్ తన సంచిలో నుంచి నల్ల అట్ట పుస్తకం తీసి ఇచ్చాడు. అంకమ్మరావు ఏదో అనబోయారు. త్రినాథ్ తల దించుకుని, “పుస్తకం సంతోషకుమారిదే సార్. మావయ్య నాకిచ్చి రాయమన్నాడు,” అనేశాడు. మేనమామకు ఎదురుచెప్పడం అతని జీవితంలో అదే మొదలు.

ఒక నిపుణుడు రిపోర్టునూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండో ఆయన ఏదో రాసుకున్నాడు. తన సొంత సంతకాలు ఆకుపచ్చగా ఉన్న ఆ పేజీల ముందు అంకమ్మరావు బురద బూట్లతో నిలబడిపోయారు. సంతోషకుమారికి కావలసింది దక్కింది. కథ ఇక్కడ ముగిస్తే మీరూ నేనూ తృప్తిగా ఇంటికి పోవచ్చు.

కానీ దానయ్య గారు ఇరవై మూడో సాలుకు తిరిగి వచ్చి, ఆ నాలుగు మొక్కల దగ్గర కూర్చుండిపోయారు. పుస్తకం మొదటి పేజీలకు తిప్పారు.

“అక్టోబరు ఇరవై తొమ్మిదినే ఈ మొక్క నిలబడుతుందని రాశావు. అప్పటికింకా చేలో ముడతే రాలేదు. పరిశీలన, కె. సంతోషకుమారి. ఎలా పసిగట్టావమ్మా? నువ్వేనా?”

అవునండీ అనే మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాట చాలు, ఫెలోషిప్పు ఖాయం. ఎవరు కాదంటారు? ఆమె ముఠా వైపు చూసింది. పదకొండు మందీ వంగి కోస్తున్నారు. మాబూబీ అందరికంటే దగ్గర్లో ఉంది, ప్రశ్న వినబడేంత దగ్గర్లో. అయినా తలెత్తలేదు. నోరు విప్పొద్దని చెప్పింది సంతోషకుమారే. వాళ్లు మాట నిలబెట్టుకుంటున్నారు.

ఆ క్షణంలో ఆమెకు ట్రంకు పెట్టె మూత గుర్తొచ్చింది. కనీసం అంకమ్మరావు చిట్టచివరి పేజీలోనైనా తన పేరు రాశాడు. రెండు వందల పేజీల ఈ నల్ల పుస్తకంలో మాబూబీ పేరు ఎక్కడ? మొదట్లో లేదు, చివర్లో లేదు, ఎక్కడా లేదు. తను రాయనే లేదు. ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే విభాగంలో అందరూ అలాగే రాస్తారని చెప్పేది. అంకమ్మరావును అడిగినా ఆయనా అదే చెప్పేవాడు.

సంతోషకుమారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“నేను కాదండీ,” అంది. మళ్లీ అంది. “నేను కాదు. మాబూబీ అత్త. అరచేత్తో చిగురు నిమిరి చెప్పింది. తొమ్మిదీ ఆవిడే పట్టింది. నేను అంకెలు రాశాను, ల్యాబులో నూగు చూశాను. అది నా పని. కానీ కనిపెట్టింది ఆవిడ. నేను పేరు రాయలేదు.”

అంకమ్మరావు ముఖంలో చిన్న నవ్వు మెరిసింది. “చూశారా అండీ, ఈ అమ్మాయి కూడా...” అని మొదలుపెట్టారు.

“మీరు ఆగండి,” అన్నారు దానయ్య గారు. ఆయన గొంతు పెంచలేదు. “ఆ అమ్మాయి చెప్పింది. ఎవరూ పట్టుకోకుండానే చెప్పింది. మీ గురించి మేం పుస్తకం తెరిచి చూడాల్సి వచ్చింది.”

తర్వాత ఆయన మాబూబీ దగ్గరకు నడిచి వెళ్లారు. “అమ్మా, చెప్పండి. ఎలా తెలిసింది?”

మాబూబీ సంతోషకుమారి వైపు చూసి, “మాట్లాడొచ్చా పిల్లా?” అని అడిగింది. ఆ అడగడంతో సంతోషకుమారికి అన్ని వారాలుగా రాని ఏడుపు వచ్చింది.

“మాట్లాడు అత్తా.”

“నాకేం తెలుసయ్యా. చేతికి తగిలింది చెప్పాను. ఇన్నేళ్లు తిరిగిన చెయ్యి కదా,” అంది మాబూబీ. అరచెయ్యి చాపి చూపించింది. కాయల ఘాటుకు పగిలి, ఎర్రగా మాడి ఉంది. దానయ్య గారు ఆ చేతిని పట్టుకుని, చిగురు మీద ఎలా నిమరాలో తనకూ చూపించమన్నారు. ఆమె చూపించింది. ఆయన పిల్లవాడిలా మూడు మొక్కలు నిమిరి, గరుకుదేదో నున్నటిదేదో చెప్పబోయి ఒకటి తప్పారు. ముఠా మొత్తం ఫక్కున నవ్వింది.

ఆయన పుస్తకం సంతోషకుమారి చేతికిచ్చారు. “ఇప్పుడే ఇక్కడే రాయి. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.”

ఆమె పెన్ను తీసింది. మాబూబీ అని రాయబోయి ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఉయ్యాల ఊపిన మనిషి. ఇంటిపేరు తెలియదు.

“షేక్,” అంది మాబూబీ. “షేక్ మాబూబీ. ఇంతవరకూ ఎవరూ అడగలా.”

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. అంకమ్మరావు గారి చేతి నుంచి విభాగమూ ఆకుపచ్చ పెన్నూ రెండూ పోయాయి. ఆ రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. విచారణ కమిటీ పిలుపు కోసం ఆయన మూడుసార్లు వరండాలో వరసలో నిలబడాల్సి వచ్చింది. నాకు జాలి కలిగిందని అబద్ధం చెప్పను. సంతోషకుమారికీ కలగలేదు. ఆయన వరసలో నిలబడ్డ రోజున ఆమె పనిగట్టుకుని ఆ వరండాలో నుంచే రెండుసార్లు నడిచింది. ఫెలోషిప్పు ఆమెకే వచ్చింది. ఆమె సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో షేక్ మాబూబీ పేరు, తర్వాత శాంతమ్మ, తర్వాత తక్కిన తొమ్మిది మంది పేర్లు ఉన్నాయి. ఇలాంటివి మొదటి పేజీలో వేసే ఆనవాయితీ లేదని ఆఫీసులో అభ్యంతరం చెబితే, ఆ పేజీ లేకుండా డిగ్రీ వద్దని కూర్చుంది. చివరికి వేశారు.

చేలో ఆ రోజు కారెక్కబోతూ దానయ్య గారు సంతోషకుమారినీ త్రినాథ్‌నూ పిలిచి ఒక మాట చెప్పారు. ఆ మాట సంతోషకుమారి ఈనాటికీ తన విద్యార్థులకు మొదటి క్లాసులోనే చెబుతుంది. నేనూ దానితోనే ముగిస్తాను.

“మీ పేరు కొట్టేసినవాడి మీద కక్ష తీర్చుకోండి, నేను వద్దనను. కానీ ఆ కోపంతో ఇంటికెళ్లే ముందు మీ పుస్తకం తెరిచి, మీరు ఎవరి పేరు రాయకుండా వదిలేశారో ఒకసారి చూసుకోండి. పని ఎవరు చేశారో పేరు వాళ్లదే, వాళ్లు అడిగినా అడగకపోయినా.”